మూత మీద పువ్వున్న డబ్బా

చిరంజీవి అబ్బాయికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మీ నాన్న క్షేమం. నేనూ క్షేమం. ఈ మాట ఈసారి అలవాటుకొద్దీ రాయడం లేదు. ఇంకోసారి చదువుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. నాన్న కన్ను బాగానే ఉంది. పేపరు చదువుతున్నారు, చదివి ఎప్పటిలాగే అందరినీ తిడుతున్నారు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. నీ చెల్లి ఇంటి నుంచి బుధవారం తిరిగొచ్చాను. దానికి కాళ్ల వాపు తగ్గింది. "ఒకటిన్నర రోజు రైల్లో ఒక్కదానివే ఎలా వస్తావమ్మా, తోడెవరైనా దొరికితే బాగుండు" అని రాశావు కదా. దొరికారు బాబూ. ఆ తోడు గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పొచ్చు. కానీ నువ్వు రెండుసార్లు "అమ్మా, అమ్మా" అన్నావంటే నా కోపం నీరైపోతుంది. ఈసారి అలా కానివ్వదలచుకోలేదు.

నా ఎదురు సీట్లలోకి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆయన పెట్టెకి గొలుసు వేసి మూడుసార్లు లాగి చూసుకున్నాడు. నేను సంచి జరుపుతుంటే ఆవిడ, "మీరు సర్దుకోకండి వదినా, నేనే సన్నబడతాను" అని నవ్వింది. పది నిమిషాల్లో వాళ్ల వివరాలన్నీ తెలిసిపోయాయి. ఆయన గాజు సీసాల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. మీ ఊరే, మీ ఫ్యాక్టరీయే. "మావాడూ అక్కడే" అని సంతోషంగా చెప్పబోయాను. నా నోట్లోంచి మాట వచ్చేలోపు ఆవిడ వేరే మాటలోకి దూకేసింది. నా నెమ్మది నీకు తెలుసుగా.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏమీ అనుకోకండి వదినా. ఈయన దగ్గర ఒక కుర్రాడు పనిచేస్తాడు. వాళ్లమ్మా ఇంతేనట. అన్నం చల్లారిపోయేదాకా దేవుడితో కబుర్లు చెప్పేదట. పోయిన వానాకాలంలో పోయింది, పాపం."

"ఎవరా అబ్బాయి?" అన్నాను.

"కొలిమి దగ్గర చేస్తాడు. కుడిచేతి రెండు వేళ్ల మీద కాలిన మచ్చలు. నోరు మూయడని అందరూ మౌనిబాబా అంటారు."

ఆ పేరు నువ్వే రాశావు. చదివి నేనూ నాన్నా ఎంత నవ్వుకున్నామో.

"ఏం జబ్బు చేసిందట?" అని అడిగాను. నా చావు గురించి నేనే.

"నిద్రలోనే వెళ్లిపోయిందట. పుణ్యాత్మురాలు. కొడుకుని ఒక్కరోజు కూడా గొంతెత్తి తిట్టలేదట."

పెద్దాయన అందుకున్నాడు. "పన్నెండు రోజుల సెలవు నేనే పట్టుబట్టి ఇప్పించానమ్మా. ఆవిడ కోసం లైను ఆపి షిఫ్టంతా రెండు నిమిషాలు నిలబడ్డాం. నా ముప్పయ్యేళ్ల సర్వీసులో ఎవరు పోయినా లైను ఆపలేదు."

"అప్పట్నుంచీ ప్రతి ఆదివారం నేనే డబ్బా కట్టి పంపుతున్నా" అంది ఆవిడ. "తల్లి లేని పిల్లాడికి ఎవరు పెడతారు చెప్పండి? ఏది పంపినా అచ్చం మా అమ్మ చేతి వంటే అంటాడు."

ఆ చేతి కూర నా కంచంలోనూ వేసింది. ఉప్పెక్కువ. ఏం, నా వంట అలా ఉంటుందా?

పన్నెండు రోజులు. ఆ రోజుల్లోనే సముద్రం ఒడ్డున స్నేహితులతో నిలబడి ఫోటో పంపావు. "ఫ్యాక్టరీ వాళ్లే తీసుకెళ్లారమ్మా" అని రాశావు. దాన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాను. రోజూ దండం పెట్టేటప్పుడు నీ నవ్వు చూస్తున్నాను. నన్ను చంపి నవ్విన నవ్వు. తర్వాత రెండు నెలలకి నాన్నకి కన్ను ఆపరేషను. సెలవులన్నీ అయిపోయాయని రాశావు. నిజమే మరి, అన్నీ నా చావుకే అయిపోయాయి. ఆ రోజు ఆస్పత్రి బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. కాగితం మీద సంతకం పెట్టమంటే అక్షరాలు గీత దాటాయి. లోపలికి వెళ్తూ మీ నాన్న, "వాడు వస్తాడేమో గుమ్మం వైపు చూస్తుండు" అన్నారు. ఆ కట్టు కట్టిన కంటితోనే మర్నాడు కూడా అడిగారు. "వాడికి సెలవు ఇవ్వలేదండీ, ఆ పైవాళ్లకి జాలి లేదు" అన్నాను. జాలి లేనివాళ్లు నా కోసం లైను ఆపారు!

తిట్టలేదని అందరికీ గొప్పగా చెప్పావు. నేను చేసిన తప్పు అదే. ఇప్పుడు దిద్దుకుంటున్నాను. సిగ్గులేనివాడా! నీ సరదా కోసం నన్ను పాడె ఎక్కించావు. ఒక పెద్దావిడ ఆదివారాలు పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తూ వండుతుంటే గుటకలు వేస్తున్నావు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకుండా ముగిద్దామనుకున్నాను, కలం ఆగడం లేదు.

ఆవిడ, "మీకెంతమంది పిల్లలు వదినా?" అని అడిగింది. "నేనే వాళ్లమ్మని" అంటే ఆ నిమిషంలోనే నీ ఉద్యోగం పోయేది. అందుకే దాచాననుకుంటావేమో. కాదు. కోపం. "ఒక కూతురు. కొడుకు ఉండేవాడు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని భోరుమంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాకు కన్నీళ్లు కూడా రాలేదు. ఇంటికొచ్చాక దేవుడి ముందు కూర్చుంటే ఒక్క మాటా రావడం లేదు. కన్నతల్లి నోటితో అన్న మాట. నువ్వు తేలిగ్గా అన్నావు, నేను అని ఇన్ని రోజులుగా అన్నం మింగలేకపోతున్నాను.

వాళ్లు దిగే హడావిడిలో డబ్బాలు మారిపోయాయి. నాది ఆవిడ సంచిలోకి పోయింది. మూత మీద పువ్వున్నది. నీకు ఏడేళ్లప్పుడు మేకుతో గీశావు, అప్పుడూ తిట్టలేదు. ఆవిడ డబ్బా మారిన సంగతి గమనించే మనిషి కాదు. చేతికందిన దాంట్లో కట్టేస్తుంది. వాళ్ల కూతుర్ని చూసి పది రోజుల్లో మీ ఊరు తిరిగొస్తామన్నారు. కాబట్టి పై ఆదివారం ఆ పువ్వు నీ ముందుకొస్తుంది. మూత తియ్యకు. ముందు వాళ్లింటికి వెళ్లి, నిలబడి, ఆ ఇద్దరికీ నిజం చెప్పు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. తర్వాత వాళ్లు తినమంటే తిను.

ఆవిడ డబ్బా కడిగి పెట్టాను. అది పోస్టులో పంపను. నువ్వే వచ్చి తీసుకెళ్లి ఆవిడ చేతికివ్వాలి. సెలవు ఏమని అడగాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకు. అమ్మను చూడాలని అడుగు.

ఇట్లు
నీ కోసం గుమ్మం వైపే చూస్తున్న
అమ్మ