జెండా రేటు

బిడ్డ ఆసిమాకు, అల్లుడు అమ్జద్‌కు వరంగల్ నుంచి సలాం.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాళ్లు మాత్రం కులాసాగా లేవు, అది కొత్త కబురు కాదు. నా అక్షరాలు వంకర, సర్దుకుని చదువు. ఫోన్ చేస్తే మీ అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఆమె ఇప్పుడే వినగూడని మాట ఒకటుంది. అందుకే కాగితం మీద రాసి, మీ దగ్గరికి వస్తున్న అమ్జద్ దోస్తు చేతికి ఇస్తున్నాను. నువ్వడిగిన మామిడికాయ తొక్కు కూడా అతని దగ్గరే ఉంది.

ఇక ఉగాండాలో నువ్వు నడిపే గోదాము సంగతి. అక్కడ పండిన మక్కజొన్నలు దేశం హద్దు దాటి పోతేనే కెన్యాలో కరువు ఊళ్లకు తిండి అని రాశావు. రైతులు మక్కలు తేవడం మానేశారని, వాళ్లకేమైందో తెలియడం లేదని రాశావు. తెలియకపోవడానికి ఏముంది? మన ఎనుమాముల మార్కెట్ యార్డు జెండాను తీసుకుపోయి అక్కడ పాతావు.

ఆ యార్డులో కాంటాలు వేస్తూనే ముసలివాణ్ణయ్యాను. పొద్దున్నే అన్నిటికన్నా మంచి సరుకు దగ్గర జెండా ఎత్తి వేలం పాట పెడతారు. దానికి పలికిన రేటు ఊరూరా ఫోన్లలో తిరుగుతుంది. అది ఆ ఒక్క సరుకు రేటు. నువ్వూ బాగా ఎండిన గింజకు ఇచ్చిన రేటునే అందరి ఫోన్లకూ పంపావు. వాళ్లు సైకిళ్లకు బస్తాలు కట్టుకుని వచ్చారు. తేమ ఉందని రేటు కోశావు. బస్తాలు మళ్లీ ఎత్తుకుని పోయారు. నేనైనా పోతాను.

మొన్న పర్వతగిరి రైతు కట్టయ్య జెండా రేటు విని మిర్చి తెచ్చాడు. చాలా తక్కువ పలికింది. బస్తాల మీద కూర్చుని నన్ను పిలిచాడు.

“ఏం హమీద్ భాయ్, గా జెండా ఎవని కోసం ఎత్తుతాండ్లు? నా కోసమైతే కాదు గదా!”

“అది ఒక్క సరుకుకే పలుకుతదని నీకెరుక లేదా?”

“ఎరుకే. అయినా ఆశ పుడతది. ఆశ పుట్టిచ్చుడే గదా మీ పని!”

చాయ్ తాగించి పంపాను.

కాబట్టి చెప్పినట్టు చెయ్యి. తడి గింజకు ఎంత, ఎండిన గింజకు ఎంత, రెండు రేట్లూ పంపు. తేమ చూసే మిషన్‌ను వాళ్ల ఊళ్లకే తీసుకుపో. బస్తా వాకిట్లో ఉండగానే చూపించు. ఆరబోసుకోవడానికి టార్పాలిన్లు ఇప్పించు. అన్నిటికన్నా ముందు, తప్పు నాదేనని చెప్పు. నీకు నా నామోషీయే వచ్చింది. దాన్ని గోదాములో పెట్టి తాళం వేసి పో.

ఇంటికి వచ్చేయనా అని అడిగావు. ఆ మాటే ఇప్పుడు. పోయిన నెల నీకు చెప్పకుండా కోల్డ్ స్టోరేజీ రాజమౌళి సేటు దగ్గరికి పోయాను. ఎవరి గడప ముందూ నిలబడని వాణ్ణి, నిలబడి “నా బిడ్డకు జర కొలువు చూడు సేటూ” అన్నాను. ఆయన సరేనన్నాడు. మీ అమ్మ సంబరపడి నీ గదికి సున్నం వేయించింది.

నీ ఉత్తరం చదివాక మళ్లీ పోయి, కొలువు వద్దన్నాను.

“ఏంది, నీ బిడ్డ రానన్నదా?” అన్నాడు సేటు.

“నేనే వద్దన్న. దాని గోదాము ఖాళీగున్నది.”

ఇది మీ అమ్మకు తెలియదు. నీ గది రోజూ ఊడుస్తోంది.

నువ్వు రావాలని నాకు లేక కాదు. ఇప్పుడు వస్తే హద్దు అవతలి వాళ్లు పస్తు, ఇవతలి రైతు ఇంకెవరి మాటా నమ్మడు. ఆ సైకిళ్లు మళ్లీ నీ గేటు ముందు నిలబడాలి. తర్వాత రా, ఎన్నాళ్లయినా ఉండు.

మీ అమ్మకు శుక్రవారం నమాజు నుంచి వచ్చాక నేనే చెబుతాను. ఆ పూట నాకు అన్నం దొరకదు. ఫికర్ చెయ్యకు, చాయ్ హోటల్ దగ్గరే ఉంది.

ఇట్లు,
నిన్ను రావద్దన్న నీ అబ్బా,
అబ్దుల్ హమీద్