బ్యాంకు మెయిలుకు సుడి చూశాను

చింతామణి, 4 జూన్ 2007, సోమవారం
బ్యాంకులో దొంగ మెయిళ్ళ మీద సభ పెట్టారు. గుర్తులు నాలుగు: మన పేరుండదు. అక్షరాల తప్పులుంటాయి. తొందరపెడతారు. పాస్‌వర్డ్ రాసి పంపమంటారు.
తీర్మానం: పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పను.
ముప్పై ఏళ్ళుగా సంతలో పశువుల దళారీని. సుడి, పళ్ళు చూసి ఎద్దు గుణం చెబుతాను. మెయిలెంత!
ఖాతాలో పద్దెనిమిది వేలు. నా భార్య మునిరత్నమ్మ సీమావు కోసం బర్రె పాలమ్మి కూడబెట్టినవి.

5 జూన్, ఉదయం 10:20
మంజుశ్రీ ఇంటర్నెట్ సెంటరు. వచ్చింది! 'ప్రియమైన ఖాతాదారుడా, ఇరవైనాలుగు గంటల్లో ఖాతా మూస్తాం, పాస్‌వర్డ్ పంపు.' తప్పులు ఆరు. పట్టేశాను!
"తీసేయప్పా" అంది సెంటరు నడిపే మంజుశ్రీ.
లోపం చెప్పకుండా పోవడం సంతలో మర్యాద కాదు. నాలుగు లోపాలూ రాసి, కింద నా పేరు పెట్టి జవాబిచ్చాను.

6 జూన్
సరిచేసి పంపాడు! పేరుంది, ఇనీషియల్ లేదు. తప్పులు రెండు. గడువు వారం. దిద్ది పంపాను.
"ఏమప్పా, దొంగోనికి ట్యూషన్ చెప్తాండావా?" అంది మంజుశ్రీ.


7 జూన్
ఇనీషియల్ వచ్చింది. తప్పులు సున్నా. గడువు లేదు. 'పాస్‌వర్డ్ మెయిల్లో రాయకండి, మా పేజీలో కొట్టండి' అన్నాడు. నాలుగో లోపమూ పోయింది.
సంతలో కట్టుబాటుంది: చెప్పిన లోపాలన్నీ సరిచేస్తే ఇక వద్దనకూడదు. మాట పోతుంది. పైగా ఇది చెప్పడం కాదు, కొట్టడం.
11:05. కొట్టాను.

8 జూన్
బ్యాంకు. పదకొండు వేలు పోయాయి. మిగతాది ఆపారు. కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చారు.
"ముందు బెంచీలో కూర్చుని అన్నీ రాసుకునింది మీరే కదా సార్?" అన్నాడు గుమాస్తా.
ఇంట్లో మునిరత్నమ్మ: "నా ఆవు యాడుండాది?"
"ఏడు వేలుండాయి."
"దానికి తోకొస్తాదప్పా, ఆవు రాదు!"

9 జూన్
"కొత్తది నాకు చెప్పు" అంది మునిరత్నమ్మ. "నాకు రాసేది రాదు. ఎవురికీ రాసియ్యలేను."
చెప్పాను. బ్యాంకు చీటీ పొయ్యిలో వేసింది.

10 జూన్, ఆదివారం
పాస్‌వర్డ్ మరిచిపోయాను. అడిగాను. బర్రె పాలు పితుకుతూ తలెత్తలేదు.
"పొద్దున్నే తొందరపెడతాండావు. నువ్వెవురో నాకేం తెల్సు?"
"పిళ్ళప్పనే!"
"ఆ పేరు దొంగోనికీ తెల్సు. సీమావును తెచ్చి ఈడ కట్టు. అప్పుడు నువ్వేనని నమ్ముతా."
నేటి నుంచి తీర్మానం మళ్ళీ మొదలు: పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పను. ఈసారి తప్పే వీలు లేదు.