కొత్త బండి సంగతికి బావ జవాబు

అద్దాల కొట్టు, వెనక గది,
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి బావమరిదికి,

బావ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అక్కా, కొట్లో అద్దాలూ పగలకుండానే ఉన్నాం. నువ్వూ అక్కడ అలాగే ఉన్నావని మీ అక్క నమ్మకం. కొత్త బండ్ల బొమ్మల పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునేవాడికి క్షేమం ఎక్కడినుంచి వస్తుందని నా అనుమానం.

నీ ఉత్తరం అందింది. మీ అక్క రెండుసార్లు చదివి వినిపించింది. మన పాత ట్రక్కు ఇక లాగదు, చెరి సగం వేసుకుని కొత్తది కొందాం, సరేనంటే ఒకటో తారీఖుకల్లా వచ్చేస్తాను, కాదంటే నేనున్న ఊళ్ళోని పెద్ద గాజు కంపెనీలో చేరిపోతాను, ఆ తర్వాత నన్ను పిలవద్దు అని రాశావు. నువ్వు రాకపోతే కొట్టు మూతపడుతుందని చివర్లో ఒక బెదిరింపు కూడా తగిలించావు. నిజమే, అద్దం పలకకు రెండు చివరలుంటాయి. ఒకటి నేను పట్టుకుంటే రెండోది గాలి పట్టుకోదు. ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా నా జవాబు ఒకటే. కొనను. ఎందుకు కొననో తీరిగ్గా చెబుతాను, నువ్వూ తీరిగ్గా చదువు.

చూడకుండానే కొట్టిపారేశానని నలుగురిలో చాటుతావని తెలిసి, బుధవారం నాడు మీ అక్కను వెంటబెట్టుకుని షోరూంకి వెళ్ళాను. బస్సులోనే వెళ్ళాం. మన బండిని చూస్తే మనకు కొత్తది ఎంత అవసరమో తెలిసిపోయి ధర ఇంకా పెంచుతారని నా ఎత్తు.

అది షోరూం కాదురా అబ్బాయి, పెళ్ళివారి విడిది. గుమ్మంలో ఒకమ్మాయి నీళ్ళసీసా చేతిలో పెట్టింది. ఆ వెంటనే టై కట్టుకున్న ఒక పెద్దమనిషి చిన్ననాటి స్నేహితుడిలా భుజం మీద చెయ్యేశాడు. వాడికి టై బాబు అని పేరు పెట్టుకున్నాను. మాకు అద్దాలు మోసే ట్రక్కు కావాలి నాయనా అన్నాను. అలాగే సార్ అంటూ ఒక కొండ ముందు నిలబెట్టాడు. దాని ముందు భాగం నా భుజాల దాకా ఉంది. దానికి అడ్డంగా చిన్నపిల్లో, కుక్కో నిలబడితే లోపల కూర్చున్న మహారాజుకు కనపడదట. అందుకని ముందొక కెమెరా, వెనకొక కెమెరా, పక్కలకు చెరొకటి. ముందు కళ్ళకు గంతలు కట్టేలా బండి తయారుచేసి, ఆ తర్వాత చూపును విడిగా అమ్ముతున్నారన్నమాట. ఇంత సిగ్గులేని వ్యాపారం నేనెక్కడా చూడలేదు.

ఇక ఆ సీటు. అది వెచ్చబడుతుంది, చల్లబడుతుంది, నడుం కూడా పిసుకుతుంది. టై బాబు నన్ను బలవంతాన కూర్చోబెట్టి మీట నొక్కాడు. వెనకనుంచి ఎవడో పిడికిళ్ళతో గుద్దుతున్నట్టయి ఉలిక్కిపడి దిగాను. అద్దాల పనివాడికి నడుంనొప్పి రాదా సార్ అని వాడి ప్రశ్న. వస్తుందయ్యా, అద్దం మోస్తే వస్తుంది. మరి ఆ అద్దం పెట్టడానికి దీంట్లో చోటేదని అడిగాను. వెనక తొట్టి చూపించాడు. తొట్టి అనడానికి కూడా నోరు రాదు. మన తలుపు అద్దమొకటి పడుకోబెడితే సగం రోడ్డు మీద వేలాడుతుంది. ముందు నలుగురు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చోవడానికి తొట్టిని మింగేశారు. మిగిలిన ఆ కాస్తా కూడా నిగనిగలాడే రంగు, గీత పడితే మళ్ళీ వాళ్ళ దగ్గరికే పరిగెత్తాలి. ఇది పని చేసే బండి కాదు, పనివాడిలా కనపడాలని సరదాపడే షోకిల్లారాయుడి బండి.

మరి వెనకటి మాదిరి చిన్న బండి లేదా, ఏ హంగూ లేనిది, రేకూ చక్రాలూ ఇంజనూ ఉంటే చాలు అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. అలాంటివి ఎవరూ కొనడం లేదు సార్, అందుకే కంపెనీవాళ్ళు చేయడం మానేశారు అన్నాడు. చేయనిదాన్ని ఎలా కొంటారయ్యా అంటే నిమ్మకు నీరెత్తినట్టు నవ్వుతూ నిలబడ్డాడు.

ధర అడిగాను. ధర చెప్పమంటే వీళ్ళకు నోట్లో ముద్ద ఉన్నట్టు ఉంటుంది. ధర సంగతి ఎందుకు సార్, నెలకు ఎంతో చూడండి అన్నాడు. ఒక కాగితం చేతికిచ్చాడు. అక్షరాలు చీమల బారులా ముద్రించారు, కొనేవాడికి కనపడకూడదనే. మీ అక్క చదివి వినిపించింది. నాకు బుర్ర తిరిగిపోయింది. మన కొట్టూ, పైనున్న గదీ, లోపల పని సామానూ మొత్తం అమ్మినా ఆ బండికి చక్రాలు వస్తాయేమో, స్టీరింగ్ రాదు. ఏడేళ్ళు వాయిదాలు కట్టాలి. అది తీరేనాటికి బండి తుప్పు పట్టి ఉంటుంది, నేను అంతకంటే ముందే పట్టి ఉంటాను. మా నాన్న ఇల్లు కట్టడానికి కూడా ఇంత అప్పు చేయలేదు. పైగా ఇది తక్కువేనట, వచ్చే నెల మళ్ళీ పెరుగుతుందట, ఇవాళే తీసుకుంటే అదృష్టమట. నా అదృష్టం గురించి నాకంటే ఎక్కువ బెంగ వాడికి!

సెకండ్ హ్యాండ్ చూద్దామంటావేమో. అదీ అడిగాను. మనం కొత్తగా కొన్న ధరకు ఇప్పుడు తుప్పు అమ్ముతున్నారు. కొత్తవి అందక అందరూ పాతవాటి మీద పడ్డారట, అందుకని పాతవాటికి కూడా కళ్ళు నెత్తికెక్కాయి.

ఇవన్నీ ఎవరు కొంటున్నారని నాకో పెద్ద సందేహం ఉండేది. ఎదురింటి పళ్ళ డాక్టరు తీర్చాడు. నువ్వు వెళ్ళాక ఆయనగారు ఒక ఎస్‌యూవీ కొన్నాడు. ఏడుగురు కూర్చునే బండిలో రోజూ ఆయనా, ఆయన చేతిసంచీ ఊరేగుతారు. గ్యారేజీలో బండి పడుతుంది గానీ తలుపు తెరిచే చోటు మిగలదు. పాపం, పొట్ట లోపలికి పీల్చుకుని వెనక తలుపులోంచి పాక్కుంటూ దిగుతాడని మీ అక్క చెప్పి చెప్పి నవ్వుతుంది. ఈ మధ్య పన్ను జివ్వుమంటోందని ఎవరు వెళ్ళినా పీకేద్దామంటున్నాడట. వాయిదా తారీఖు దగ్గర పడిందని అర్థం చేసుకోవాలి. అలాంటివాళ్ళను చూసి నువ్వు చంకలు గుద్దుకుంటున్నావు.

చివరికి టై బాబుతో తెగేసి చెప్పాను. నీ బండి నువ్వే నెత్తిన పెట్టుకో అని విసురుగా బయటికి నడిచాను. నడిచి నేరుగా అద్దానికి గుద్దుకున్నాను.

నవ్వకు. ఆ షోరూం ముందు గోడంతా ఒకటే అద్దం. బిగించినవాడు పని బాగానే చేశాడు, ఒప్పుకుంటాను. కానీ మన పనిలో మొదటి పాఠం ఏమిటి? పలక బిగించాక సున్నంతో దాని మీద పెద్ద ఇంటూ మార్కు గీయాలి, అక్కడ అద్దముందని మనుషులకు తెలిసేదాకా చెరపకూడదు. ఆ వెధవలు గీతన్నది లేకుండా తుడిచిపారేశారు. నా ముక్కు కందగడ్డలా వాచింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. నా ముక్కు కోసం అనుకున్నావా? అద్దం పగిలిందేమోనని. మేనేజర్ ఐసుముక్కలు గుడ్డలో కట్టి తెచ్చాడు. అది ముక్కు మీద పెట్టుకునే వాడికి ఆ మార్కు గురించి క్లాసు పీకాను. మారుమాటాడకుండా విన్నాడు. వినక ఏం చేస్తాడు.

ఈ సందులో టై బాబు మీ అక్కను పక్క గదిలోకి పిలిచి కాఫీ ఇచ్చాడు. మగవాడు లొంగకపోతే ఆడవాళ్ళను మాటల్లో పెట్టి బోల్తా కొట్టించడం వీళ్ళకు అలవాటే. చాలాసేపే మాట్లాడాడు పాపం. మీ అక్క ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి, టైలకూ కాఫీలకూ పడుతుందా? వచ్చి, పదండి ఇంటికి అంది. బస్సెక్కి వచ్చేశాం.

కాబట్టి నాయనా, కంపెనీలో చేరు. నెల తిరిగేసరికి జీతం, వాళ్ళ బండి, వాళ్ళ డీజిల్. నీ ఈడువాడికి అదే మంచిది. నాకు ఫోటో ఫ్రేములూ, కిటికీ అద్దాలూ చాలు, వాటికి రెండో మనిషి అక్కర్లేదు, ట్రక్కూ అక్కర్లేదు. బావ పిసినారి, చేతికి ఎముక లేదన్నది ఎవరి గురించో గానీ మా బావ గురించి మాత్రం కాదని నలుగురికీ చెప్పుకో. నాకేం పట్టదు. ఈ విషయం మాట్లాడ్డానికి మాత్రం ఇటు రావద్దు. వచ్చినా కొట్టు తలుపు తీయను.

ఇట్లు,
ఏడేళ్ళ అప్పుకు తల వంచని,
నీ బావ.

తా.క. తమ్ముడూ, పై మాటలన్నీ మీ బావవే గానీ దస్తూరీ నాదని ఈపాటికి పోల్చుకునే ఉంటావు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. వెధవలు అన్నచోట వెధవలు అనే రాశాను. సంతకం దగ్గర ఆయన వేలు పట్టుకుని చోటు చూపించాను. ఇప్పుడు స్నానానికి వెళ్ళారు. ఈలోపు నా మాట రాస్తున్నాను.

మీ బావకు చూపు పోతోంది. పక్కల చూపు ముందే పోయింది, మధ్యలో మిగిలిందీ మసకే. కంటినరం దెబ్బతింది, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవాలి అని డాక్టరు చెప్పాడు. నువ్వు వెళ్ళిన కొద్దిరోజులకే బండి తాళాలు నా చేతికిచ్చేశారు. షోరూం అద్దం మీద గుర్తు ఉంది తమ్ముడూ. ఆ చివరనుంచి ఈ చివరదాకా, ఛాతీ ఎత్తున, ఎర్రటి పట్టీ. మేనేజర్ అది చూపించబోతే, చెప్పొద్దని నేనే సైగ చేశాను. అందుకే అతను మారుమాటాడలేదు.

నీకు ఎందుకు చెప్పరని అడిగాను. తెలిస్తే వాడు పరిగెత్తుకొస్తాడు, నా చెయ్యి పట్టుకుని నడిపిస్తూ ఈ కొట్లోనే ముసలివాడైపోతాడు, అదే నన్ను పిసినారి వెధవ అనుకుంటే తిట్టుకుంటూ వెళ్ళి బాగుపడతాడు అన్నారు. చెప్పి అటు తిరిగి పడుకున్నారు.

కొనాలని నువ్వూ, కొనొద్దని ఆయనా ఇంత గొడవ పడ్డారు గదా, నన్ను ఒక్క మాట అడిగారా? ఇంతకాలం ఆ కొట్లో లెక్కలు రాసిందీ, పుట్టీ కలిపిందీ, మీ ఇద్దరి చేతులకు గాజు గుచ్చుకుంటే తీసిందీ నేను కాదా? సాయంత్రాలు కూరల సంచీ పట్టుకుని నేను వెళ్తున్నది డ్రైవింగ్ స్కూలుకి. మన పాత ట్రక్కు క్లచ్ నా కాలికి లొంగదు, స్టీరింగ్ తిప్పితే భుజం పట్టేస్తుంది. కొత్తది ఒక్క చేత్తో తిరుగుతుంది. మీ బావ అంతగా వెక్కిరించిన ఆ కెమెరాలుంటే నాకు వెనక్కి పెట్టడానికి భయం లేదు. లైసెన్సు వచ్చింది.

టై బాబు నన్ను బోల్తా కొట్టించలేదు. కాఫీ చల్లారిపోయేదాకా నేనే వాణ్ణి ఉతికి ఆరేశాను. ఎవరో బుక్ చేసి మానుకున్న మామూలు బండి ఒకటి గోదాములో పడి ఉందని చివరికి కక్కాడు. నడుం పిసికే సీటు లేదు, కెమెరాలున్నాయి, తొట్టి పొడుగుంది. దాని ధర కూడా అన్యాయమే. మీ బావ తిట్టిన తిట్లలో ఒక్కటీ వెనక్కి తీసుకోనక్కర్లేదు, నేను ఇంకో రెండు కలిపి తిట్టుకుంటూనే సంతకం పెట్టాను. బండి నా పేరు మీద, వాయిదాలు నా పేరు మీద.

రెండో చివర పట్టుకోవడానికి మనిషి కావాలి. నువ్వు వస్తే సగం వాటా నీది. జాలిపడి మాత్రం రావద్దు, జాలికి నేను వాటా ఇవ్వను. కంపెనీయే బాగుందనిపిస్తే చేరు, నా మనసులో ఏమీ పెట్టుకోను, ఇంకెవరినైనా చూసుకుంటాను. కానీ నిజం తెలుసుకుని నిర్ణయించుకో.

గురువారం బండి గుమ్మంలోకి వస్తుంది. మీ బావకు ఇంకా చెప్పలేదు. చెయ్యి పట్టుకుని ఎక్కించి, తలుపు వేసి, బండి మలుపు తిరిగాక ధర చెబుతాను. అక్కడినుంచి మొదలుపెడతారు. పెట్టనీ. ఇన్నేళ్ళూ ఆయన పక్క సీట్లో కూర్చుని నేను తిట్లు విన్నాను, ఇకమీదట నా పక్క సీట్లో కూర్చుని ఆయన తిట్టాలి.

మీ అక్క.