సరుకుల జాబితాలో చేరిన ఫిట్టరును ఒడ్డుకు దింపుట గురించి

ఓడరేవు ముఖ్య అధికారి గారి సముఖమునకు, వర్క్‌షాపులో మోటార్లకు తీగ చుట్టే పని చేయుచున్న, ప్రెస్సు ఫిట్టరు భార్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రేవు బయట లంగరు వేసి ఉన్న సరుకు ఓడ నుండి గాయపడిన నా భర్తను తక్షణం దింపుటకు అనుమతి కోరుట – గురించి.

పై విషయమును పురస్కరించుకుని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా వర్క్‌షాపులో ఇనుప రేకులు వంచే భారీ ప్రెస్సు ఒకటి తయారై, సముద్రం అవతలి ఫ్యాక్టరీకి అమ్ముడైనది. దాని బాడీ ఒక్కటే రెండంతస్తుల ఇల్లంత ఉంటుంది. అక్కడ దానిని బిగించి, నడిపించి చూపే బాధ్యత నా భర్తకు అప్పగించడమైనది. దారిలో గొలుసు కట్లు వదులైతే చూసుకునే మనిషి ఉండాలని, ఆయనను కూడా యంత్రంతోపాటు సరుకు ఓడలోనే పంపారు. బయలుదేరేటప్పుడు మా అత్తగారు, "పెళ్లాంతో కంటే ఆ ప్రెస్సుతోనే ఎక్కువ కాపురం చేశావు కదరా, జాగ్రత్తగా దిగబెట్టి రా" అని నవ్వుతూ సాగనంపారు.

2. సదరు ఓడలో ప్రయాణికులను ఎక్కించుకొనరు. సిబ్బంది పుస్తకంలో బయటివారి పేరు రాయరు. అందుచేత ఏజెంటు ఆఫీసువారు సరుకుల జాబితాలో ప్రెస్సు బాడీ, దిమ్మె, మోటార్ల తరువాత చివరి వరుసలో "బిగింపు సామగ్రి, ఫిట్టరుతో సహా" అని రాశారు. అది చదివి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. తప్పు దిద్దించాలని ఎవరికీ తోచలేదు.

3. నడి సముద్రంలో తుఫాను పట్టుకుని గొలుసులు తెగినవి. ప్రెస్సు బాడీ ఒక పక్కకు జారి, ఓడ అటు ఒరిగినది. నా భర్త, ఓడవాళ్లు కలిసి దాని కింద దుంగలు పెట్టి ఆపారు. ఆపే పనిలో ప్రెస్సు తాలూకు ఇనుప దిమ్మె జారి, దాని అంచు ఆయన కుడిపాదం మీద పడినది. కెప్టెను గారు ఓడను వెనక్కి తిప్పారు. ఒరిగిన ఓడను లోపలికి రానివ్వకూడదని తమ ఆఫీసువారు బయటే ఆపారు. ఇంతవరకు ఎవరి తప్పో ఉన్నదని నేను అనను.

4. సిబ్బందిలో దెబ్బలు తగిలినవారిని పడవలో ఒడ్డుకు తెచ్చారు. వారిలో ఒకడైన ఓడ వంటవాడు, చేతికి కట్టుతో, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, మీ ఆయన కాలు బూటులోంచి రాలేదు. బూటు కోసేశాం. లోపల రంగు మారింది" అన్నాడు.

"మరి ఆయన్నెందుకు దించలేదు?"

"పేర్లు పిలిచి దించారక్కా. ఆయన పేరు పిలవలేదు."

5. వెంటనే తమ ఆఫీసుకు వచ్చాను. కిటికీ దగ్గరి గుమాస్తా గారు కాగితాలన్నీ తిరగేసి, "చూడమ్మా, సిబ్బందైతే పాసు ఇస్తాం. ప్రయాణికుడైతే పక్క కౌంటరు. మీ ఆయన సరుకులో ఉన్నాడు. ఓడనూ సరుకునూ తనిఖీ చేసే సర్వేయరు వచ్చి చూసేదాకా సరుకు కదపకూడదని ఆర్డరు" అన్నారు.

"సర్వేయరు ఎప్పుడొస్తారు సార్?"

"గాలి తగ్గాక."

"గాలి తగ్గేదాకా ఆయన కాలు ఆగుతుందా?"

గుమాస్తా గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నా చేతిలో ఏముందమ్మా? అర్జీ రాయి. నేనే లోపలికి పట్టుకెళ్తాను" అని తన సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి ఇచ్చారు. ఆయన మీద నాకు ఎటువంటి ఫిర్యాదు లేదని మనవి.

6. అర్జీ రాసే ముందు నా కళ్లతో చూడాలనిపించింది. ఓడలకు మంచినీళ్లు చేరవేసే పడవాయనను బతిమాలుకుని వెళ్లాను. ఓడ మా మీదకే వాలుతున్నట్టు ఉంది. కేకలు వేయగా, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని నా భర్తను ఓడ అంచునున్న కమ్మీ దగ్గరకు తెచ్చారు.

"నువ్వెందుకొచ్చావే? నీకు పడవ పడదుగా!" అని అరిచాడు.

"కాలు చూపించండి."

"ఇక్కణ్నుంచి నీకేం కనిపిస్తుంది?"

"చూపించండి అన్నానా!"

చూపించలేదు. "కంగారు పడకు. నిన్నటిదాకా ప్రాణం పోయింది కానీ, ఇవాళ అసలు నొప్పే తెలియట్లేదు" అన్నాడు.

అయ్యా, నేను డాక్టరును కాను. అయినా నొప్పి తెలియని కాలు చచ్చుబడుతున్న కాలని నాకూ తెలుసు. పక్కనున్న కెప్టెను గారు, "నేనిప్పుడు జాబితాలో ఒక్కటి దించినా రేవువాళ్లు ఓడను పట్టేసుకుంటారు. కాగితం తెచ్చుకో తల్లీ, నా చేతుల మీదుగా దించుతా" అన్నారు. పడవాయన "చెల్లెమ్మా, తిప్పనా?" అని అడిగితే తిప్పమన్నాను. ఒడ్డు చేరగానే ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను.

7. నా భర్తకు ఆకలి వేస్తుంది. కూరలో ఉప్పు తగ్గితే కోపం వస్తుంది. నిద్రలో గురక పెడతాడు, పెట్టలేదని తెల్లారాక వాదిస్తాడు. ఇవేవీ సరుకు లక్షణాలు కావని తమరు గమనించ ప్రార్థన.

కావున తమరు దయతలచి, ఆ ఓడలో ఉన్నది మనిషి అని ఒక్క ముక్క రాసి, ముద్ర వేయించి ఇవ్వవలసినదిగా వేడుకొంటూ, గాలి తగ్గేదాకా ఆ పాదం ఆగదనే సంగతి మరొక్కసారి చిత్తగించవలెనని,

తమ విధేయురాలు,
ఫిట్టరు భార్య

తా.క. ఈ అర్జీ పట్టుకుని తమ గది బయట నిలబడ్డాను. తమరు మీటింగులో ఉన్నారని, మర్నాడు రమ్మన్నారని కబురు వచ్చింది. అక్కణ్నుంచి తిన్నగా పడవ దగ్గరకు నడిచాను. "అన్నా, ఈసారి ఆయన్ను తెచ్చేసుకుందాం" అన్నాను. పడవాయన మారుమాట లేకుండా తాడు విప్పాడు.

కెప్టెను గారు మొదట ఒప్పుకోలేదు. కాలికి చుట్టిన గుడ్డ తనే విప్పి చూశారు. చూసి, ఎవరితోనో అన్నట్టుగా, "నేను కిందికి వెళ్తున్నా, కాసేపటిదాకా ఎవరూ పిలవకండి" అని మెట్లు దిగిపోయారు. ఓడవాళ్లు సరుకు దింపే వలలో మా ఆయనను కూర్చోబెట్టి, చేతులతోనే తాడు వదులుతూ దింపారు. వల అలకు ఊగి ఓడకు కొట్టుకోబోతే పడవాయన భుజం అడ్డం పెట్టాడు.

ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది. "ఇంకో రోజు ఆగి తెచ్చి ఉంటే మోకాలిదాకా తీసేవాణ్ని" అన్నాడు డాక్టరు. ఇవాళ పొద్దున కట్టు మారుస్తుంటే మా ఆయన వార్డంతా అదిరేలా అరిచాడు. నర్సు హడలిపోయింది. మా అత్తగారు, నేను ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. అలా అరిచినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చి ఈ అర్జీ చింపేయబోతే గుమాస్తా గారు, "చింపకమ్మా, జాబితాలో ఒకటి తగ్గితే జవాబు ఉండాలి" అన్నారు. జవాబు ఇదే. చేసింది నేను. కెప్టెను గారు కింద ఉన్నారు, పడవాయన నేను చెప్పినట్టు విన్నాడు. నన్ను పిలిచి అడగండి, ఎక్కడికీ పోను. ముందు మాత్రం సర్వేయరును ఓడ మీదకు పంపండి. దుంగలు నానిపోయాయని, ఇంకెన్నాళ్లో ఆగవని మా ఆయన మందు మత్తులో కూడా అదే కలవరిస్తున్నాడు. ఓడలో ఇంకా మనుషులున్నారు. పొద్దుటి నుంచి గాలి మళ్లీ లేచింది.