గోడను చూసి మాట్లాడు

పూజ్యులైన మావయ్యకి,

మీ మేనల్లుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ గొంతు ఆపరేషన్ బాగా జరిగిందనీ, డాక్టరు కొన్నాళ్లు నోరు విప్పొద్దన్నారనీ అత్తయ్య ఫోనులో చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో బాధ కోసం వెతికాను. దొరకలేదు.

మీరు మాట్లాడకూడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నాకో పెద్ద చిక్కొచ్చిపడింది. మా లిఫ్టుల కంపెనీలో రెండేళ్లు కూర్చుని ఒక బ్రేకు తయారు చేశాను. ఇప్పుడున్న లిఫ్టు మధ్యలో ఆగితే, మెకానిక్కు మేడ మీదికి పరిగెత్తి చేత్తో వదిలిస్తే గాని కదలదు. నా బ్రేకుంటే లిఫ్టు తనంతట తనే మెల్లగా కింది అంతస్తుకి దిగి తలుపు తెరుస్తుంది. వచ్చే నెల డైరెక్టర్ల ముందు నిలబడి ఈ సంగతి చెప్పాలి. వాళ్లు ఊఁ అంటే ప్రతి లిఫ్టులో నా బ్రేకు. ఊహూఁ అంటే అది పాత ఇనుములోకి. మా చీఫ్‌కి బయటి సరుకు మీదే మోజు.

నలుగురి ముందు నిలబడితే నా నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. పోయినసారి "అందరికీ నమస్కారం" అని, అక్కణ్నుంచి సరాసరి "ధన్యవాదాలు" అన్నాను. మధ్యలో ఉండాల్సిన సరుకేదీ బయటికి రాలేదు. మీరు రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్లు మైకులో మాట్లాడారు. మీ మాట విని వేలమంది పెట్టెలు మోసుకుని పరిగెత్తారు. నాకు నేర్పండి.

ఇట్లు,
మీ ఆజ్ఞ కోసం ఎదురుచూసే అల్లుడు

తా.క. మా ఆవిడ అద్దం ముందు సాధన చెయ్యమంది. చేశాను. అద్దంలో వాడు నాకంటే ఎక్కువ బెదిరిపోయాడు.

*

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మళ్లీ చెబుతున్నాను, ఆశీస్సులు.

సరైన మనిషిని అడిగావు. నేనిక్కడ మెళ్లో పలక వేలాడేసుకుని బతుకుతున్నాను. కాఫీ కావాలని రాసి చూపిస్తే మీ అత్తయ్య, "కళ్లజోడు ఎక్కడో పెట్టాను" అంటుంది. నా పలక కనబడని మనిషికి పక్కింటి బాల్కనీలో ఆరేసిన చీర అంచు ఎలా కనబడుతుందో నాకు అర్థం కాదు.

ఇక పాఠం. మొదట గంట కొట్టు. గంట లేకుండా నోరు తెరిచేవాడి మాట ఎవరూ వినరు. తరవాత ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పు. మొదటిసారి జనం చెవులు రిక్కిస్తారు, రెండోసారి వింటారు. నవ్వకు, చేతులూపకు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి మొహమూ చూడకు. ఎదురుగా గోడ ఉంటుంది కదా, గోడను చూసి మాట్లాడు. ముప్పై ఏళ్లలో నా గొంతు ఒక్కసారి వణికిందని ఎవరైనా అన్నారా?

ఇట్లు,
మావయ్య, మావయ్య

తా.క. ఏదైనా తప్పు దొర్లితే కారణాలు చెప్పకు. "సాంకేతిక కారణాల వల్ల" అను చాలు. ఆ మాట మీద మా స్టేషను తరాల తరబడి నడిచింది.

*

మావయ్యకి,

నమస్కారాలు. నా క్షేమం సంగతి అడక్కండి.

మీ పాఠం ప్రకారం మా సెక్షన్ వాళ్ల ముందు రిహార్సల్ వేశాను. గంట కొట్టాను. సగం మంది లేచి వరండాలోకి వెళ్లిపోయారు, ఎందుకంటే మా ఆఫీసులో టీ బండి గంట అచ్చం అలాగే మోగుతుంది. వాళ్లు గ్లాసులతో తిరిగొచ్చాక బ్రేకు స్ప్రింగు గురించి చెప్పాను. మళ్లీ చెప్పాను. చీఫ్ చెయ్యెత్తి, "మాకేమైనా చెవుడనుకుంటున్నావా?" అన్నాడు. నేను గోడ వైపు తిరిగే ఉన్నాను కాబట్టి ఆయన నన్నే అంటున్నాడని తెలియడానికి కాస్త టైము పట్టింది. ఈలోగా ఆయన, "మాకు చెబుతున్నావా, గోడకి చెబుతున్నావా?" అని కూడా అనేశాడు.

తల కొట్టేసినట్టయింది మావయ్యా. పైగా ఒకాయన, "స్ప్రింగు అరిగిపోతే ఏం చేస్తావు?" అని అడిగాడు. దానికి నా దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది. కానీ నోట్లోంచి "సాంకేతిక కారణాల వల్ల" అని వచ్చింది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఏం చెయ్యాలో మీరు రాయనేలేదు. వెంటనే రాయండి.

ఇట్లు,
పరువు పోయిన అల్లుడు

తా.క. గంట మా ఆవిడ తీసేసుకుంది. ఇప్పుడు నన్ను భోజనానికి పిలవడానికి వాడుతోంది.

*

అల్లుడికి,

ఆశీస్సులు ఒక్కసారే రాస్తున్నాను, నువ్వు చిరాకుపడతావని.

ప్రశ్నా? నిన్నెవడో ప్రశ్న అడిగాడా? ఎంత ధైర్యం! ముప్పై ఏళ్లలో నన్నెవరూ ఎదురు ప్రశ్న అడగలేదు. నేను బొత్తాం నొక్కాను, చెప్పాను, బొత్తాం వదిలాను. ప్రశ్నలుంటే విచారణ కౌంటరుకి పోవాలి. మీ డైరెక్టర్ల కోసం కూడా గుమ్మం బయట ఒక కౌంటరు పెట్టించు. నీ మాట అయిపోగానే నువ్వు లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకో.

ఇట్లు,
మావయ్య

తా.క. చెప్పడం అయ్యాక "మీ ప్రయాణం శుభప్రదం కావాలి" అనడం మర్చిపోకు. మనుషులు ముగింపునే గుర్తుపెట్టుకుంటారు.

*

మావయ్యకి,

ఒళ్లు మండిపోతోంది. రెండో రిహార్సల్ కూడా అయింది. "మీ ప్రయాణం శుభప్రదం కావాలి" అన్నాను. చీఫ్ తలుపు తీసి, "ముందు నీది" అన్నాడు.

అప్పుడు నాకో అనుమానం వచ్చింది. లోపలి గది, తలుపు, గోడ, బొత్తాం. మావయ్యా, నిజం చెప్పండి. మీరు జీవితంలో ఎప్పుడైనా ఒక్క మనిషి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చారా? ఒక్కసారైనా?

సోమవారం డైరెక్టర్లు వస్తున్నారు. రెండేళ్ల చాకిరీ నా నోటి మీద ఆధారపడి ఉంది. ఆ నోరేమో మీ చేతిలో పెట్టాను. ఏడుపొస్తోంది.

ఇట్లు,
అల్లుడు

తా.క. అత్తయ్యకి నమస్కారాలు. మీకు తరవాత చూద్దాం.

*

అల్లుడూ,

అడిగావు కనక చెబుతున్నాను. లేదు.

మనుషుల మొహాలు చూస్తే గొంతు పెగలదనే ఆ ఉద్యోగంలో చేరాను. కిటికీ లేని గది దొరికింది. ఎంత హాయో నీకేం తెలుసు! రిటైరైన రోజు నాకు సన్మానం చేశారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను వేదిక దిగి మెల్లగా నా గదిలోకి వెళ్లి, మైకులో నా కృతజ్ఞతలు స్టేషనంతటికీ చెప్పాను. రెండుసార్లు చెప్పాను. బాగుందన్నారు. నాకున్న విద్య అదొక్కటే, అదే నీకు నేర్పాను. కోపం రావడం న్యాయమే.

ఇట్లు,
మావయ్య

తా.క. ఒక్కటి మాత్రం నిజం. రైలు రాదని చెప్పేటప్పుడు కూడా నా మాట విన్నవాళ్లు కంగారు పడలేదు. అంత నిమ్మళంగా చెప్పేవాణ్ని.

*

మావయ్యా, మావయ్యా!

రెండుసార్లు పిలిచాను, గమనించండి.

సోమవారం నేను మూడో అంతస్తు హాల్లో బిక్కచచ్చిపోయి నిలబడ్డాను. డైరెక్టర్లు రారు. చూడబోతే వాళ్లెక్కిన లిఫ్టు రెండో అంతస్తు దాటి ఆగిపోయింది. మా ఆఫీసు లిఫ్టే, మా కంపెనీ లిఫ్టే! చీఫ్ మెట్ల మీద పైకీ కిందికీ పరిగెడుతున్నాడు. నేను మెకానిక్కుతో పాటు మేడ మీది మోటారు గదికి ఎక్కాను. ఆయన రెండు చేతులూ బ్రేకు మీదున్నాయి. లోపల ఎవరో తలుపులు బాదుతున్నారు. బొత్తాం నొక్కితే లిఫ్టులోకి మాట వెళ్లే ఫోను అక్కడుంది. ఆయన దాన్ని గడ్డంతో చూపించి, "ఏదో ఒకటి మాట్లాడండి సార్" అన్నాడు.

కిటికీ లేని గది మావయ్యా. ఎదురుగా గోడ. చేతిలో బొత్తాం.

నొక్కాను. "దయచేసి గమనించండి. మీ లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగినది. మీకు ఏ ప్రమాదమూ లేదు. మళ్లీ చెబుతున్నాను, మీకు ఏ ప్రమాదమూ లేదు." బాదడం ఆగింది. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది. ఎందుకు ఆగిందో చెప్పాను. మేడ మీద మనిషి ఏం చేస్తున్నాడో చెప్పాను. నా బ్రేకుంటే ఈపాటికి హాల్లో కూర్చుని ఉండేవారని చెప్పాను. అన్నీ రెండేసిసార్లు చెప్పాను. స్ప్రింగు అరిగితే ఏమవుతుందో ఎవరూ అడక్కుండానే చెప్పాను. బొత్తాం నొక్కి ఉన్నంతసేపు వాళ్ల మాట నాకు వినబడదు. నేను వదిలితే కదా!

మెకానిక్కు బ్రేకు వదిలించి లిఫ్టుని రెండో అంతస్తుకి దించాడు. నేను కిందికి పరిగెత్తేసరికి తలుపు తెరుచుకుంది. పెద్ద డైరెక్టరు చెమట తుడుచుకుంటూ, "ఆ బ్రేకు రేపే మొదలుపెట్టండి" అన్నారు. హాలుకి మెట్లెక్కి వెళ్లారు. నన్నింక మాట్లాడమనలేదు.

నేను మీ మీద అరిచినందుకు క్షమించండి. మీరే నా గురువు.

ఇట్లు,
మీ అల్లుడు, మీ అల్లుడు

తా.క. చివర్లో "మీ ప్రయాణం శుభప్రదం కావాలి" అన్నాను. లోపల ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

*

అల్లుడికి,

నీ ఉత్తరం చదివి నా గుండె నిండిపోయింది. ఆనందం పట్టలేక గట్టిగా "శభాష్" అని అరిచాను.

అవును, అరిచాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరులే. డాక్టరు మాట్లాడొచ్చని చెప్పి చాలా రోజులైంది. మీ అత్తయ్యకి చెప్పలేదు. తను మా వీధి గ్రంథాలయానికి కార్యదర్శి కదా, కొత్త హాలు తెరిచే రోజు నేను ఉపన్యాసమిస్తానని ఆపరేషనుకి ముందే నన్నడక్కుండా ఒప్పేసుకుంది. హాలు నిండా మొహాలు! అందుకే పలక దించలేదు. కానీ ఎన్నాళ్లని నెట్టుకురాను? ఇప్పుడు నువ్వు గురువువి, నేను శిష్యుణ్ని. ఆ హాల్లో చిన్న లిఫ్టు లాంటిదేమైనా పెట్టించగలవా? నన్నందులో ఉంచి తలుపేస్తే చాలు.

ఇట్లు,
నీ శరణుజొచ్చిన మావయ్య

తా.క. అత్తయ్యకి తెలియనివ్వకు. మళ్లీ చెబుతున్నాను, అత్తయ్యకి తెలియనివ్వకు.

తా.క. నాయనా, నేను అత్తయ్యని. దీన్ని పోస్టులో వెయ్యమని పలక మీద రాసి చూపించారు. కవరు అంటించడం మర్చిపోయారు, చదివాను. ఆయన గొంతు బాగుపడిందని నాకెప్పుడో తెలుసు. నిద్రలో రైళ్ల పేర్లు చదువుతున్నారు, అదీ రెండేసిసార్లు. పాపం అనిపించి గ్రంథాలయానికి వేరే వక్తని అప్పుడే మాట్లాడేశాను. ఆ సంగతి మాత్రం ఆయనకి రాయకు. పెళ్లయిన ఇన్నాళ్లకి ఈ ఇంట్లో నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తి చేస్తున్నాను.