వెనక్కి జారే స్కీలు

జూన్ 8

మంచు పడింది. పడిందంటే పడిందంతే, గుమ్మం ముందు గడ్డి ఇంకా కనిపిస్తూనే ఉంది. మా ఆండీస్ కొండల్లో జూన్ అంటే ఇంతే, చలికాలం ఇప్పుడే మొదలు. స్కీలవాళ్లని కొండెక్కించే లిఫ్టుల్లో కిందిది ఒక్కటే తెరుస్తారట.

మా అన్నయ్య ఎవారిస్తో అప్పుడే స్కీ బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎడమ కన్ను కిందటేడే పోయింది. కుడిది ఆగస్టు దాకా ఉంటే గొప్పేనని నెవుకేన్ పట్నం డాక్టరు చెప్పాడు. మంచి మంచు పడేది ఆగస్టులోనే. చూపుండగా ఒక్కసారి, ఎదురుగా ఉన్న అగ్నిపర్వతాన్ని చూస్తూ స్కీల మీద దిగాలట. ఇంకేమీ అడగడు.

జూన్ 10

వెనకనుంచి అరిచి దారి చెబితే అన్నయ్య వినే రకం కాదు. చేతులు పట్టుకుని దించాలంటే నేను వెనక్కి జారాలి. నా స్కీల తోకలు, అంటే వెనక కొసలు, చదునుగా ఉంటాయి, వెనక్కి పోతే మంచులో గుచ్చుకుంటాయి. అందుకని స్కీలమ్మే బెలిసారియో కొట్టుకెళ్లి, రెండు కొసలూ పైకి తిరిగిన జత అడిగాను. గాల్లోకి ఎగిరే కుర్రాళ్లు వేసుకునేవి. ఈ వయసులో గెంతులేమిటమ్మా, నడుం విరిగితే నాకు సంబంధం లేదు అని పగలబడి నవ్వాడు. సంగతి చెప్పాక నవ్వు ఆపేశాడు.

ఈ నెలలో అన్నీ రాళ్లే, అందరూ పాత స్కీలే వేస్తారు, కొత్తవి ఎవడూ బయటికి తీయడు అంటూనే గోడమీంచి దించాడు. వాడి చూసి ఎలా ఉన్నాయో చెప్పు, గీతలు పడితే పడనీ అన్నాడు.

జూన్ 11

పొద్దున మంచు గట్టిగా, గాజులా ఉంది. ముందుకి బ్రహ్మాండం. మలుపులో స్కీ అంచు పట్టిందంటే వదలదు. వెనక్కి వెళ్లబోతే మాత్రం దబ్బుమని పడ్డాను. మధ్యాహ్నానికి మంచు అంతా జావ. రాయి తగిలి అడుగున జానెడు గీత.

జూన్ 12

మళ్లీ పడ్డాను.

జూన్ 14

కుదిరింది! మోకాళ్లు వంచి, తల భుజం మీదుగా తిప్పి, భయపడకుండా ఉంటే చాలు. తోకలు మంచు మీద తేలిపోతున్నాయి.

నేను ముందుకి జారడం నేర్పితే వెనక్కి నేర్చుకున్నావుటే పొట్టీ, నా పరువు తీశావు కదే అన్నాడు అన్నయ్య. అంటూ మాతే టీ పోయబోయి బల్లంతా ఒలకబోశాడు. కెటిల్ మూతి వంకరట.

జూన్ 16, సాయంత్రం

దిగాం.

మంచు కాస్త మెత్తబడేదాకా ఆగాం. స్కీ కర్రలు అడ్డంగా పట్టుకుని ఒక కొస నేను, ఒక కొస తను. ఇన్నేళ్లూ అన్నయ్య వీపు చూస్తూనే జారాను. జారేటప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో ఇవాళే చూశాను. పసివాడి మొహం. రాళ్లున్నచోట పక్కకి లాగితే కిమ్మనకుండా వచ్చాడు.

సగం దూరంలో తలెత్తి, అబ్బ, చూడవే పొట్టీ, ఎదురుగా కొండ ఎంత తెల్లగా మెరుస్తోందో అన్నాడు.

భుజం మీదుగా చూశాను. కొండ లేదు. మబ్బు అడవి దాకా దిగిపోయి ఉంది.

నాలుక బయటపెట్టి వెక్కిరించాను. ఒకప్పుడైతే నా వీపు విమానం మోత మోగేది. ఇవాళ నవ్వుతూ నా తల మీదుగా చూస్తూనే ఉన్నాడు.

కుడి కన్ను కూడా ఎప్పుడు పోయిందో ఏమో! కనబడటం లేదంటే నేను తీసుకెళ్లనని దాచాడు, దొంగ సచ్చినోడు. ఎదురుగానే ఏడ్చాను, చప్పుడు కాకుండా. అవునన్నయ్యా, చాలా తెల్లగా ఉంది అన్నాను. నేనేం చెప్పానూ అన్నాడు.

జూన్ 17

స్కీలు ఇచ్చేశాను. ఎలా ఉన్నాయన్నాడు బెలిసారియో. వెనక్కి బాగా పోతాయన్నాను. ఇంకేం చెప్పను?

అన్నయ్య దగ్గర కంటి మాట ఎత్తలేదు. తనూ ఎత్తలేదు.

జూలై 2

రాత్రంతా కురిసింది. మోకాలి లోతు.

అన్నయ్య కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బయట ఎలా ఉందో చెప్పవే పొట్టీ అన్నాడు.

ముంగిట్లో కంచె దగ్గర్నించి చెప్పడం మొదలుపెట్టాను.