బ్లోయర్‌లో చిక్కిన నేరేడు దారం

నా కుమార్తె, ఈ వీలునామాను అమలు జరుపవలసిన బాధ్యురాలు చి. సౌ. సీతాదేవికి, సాక్షులుగా దయచేసిన మిత్రులు శ్రీ వీరభద్రం గారికి, శ్రీ వెంకటేశ్వర రావు గారికి, మా ఇంట అద్దెకు ఉండి యూనివర్సిటీలో చదువుకుంటున్న చి. కావ్యశ్రీకి, తాళ్ళూరి విశ్వనాథం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, సవినయంగా వ్రాసుకొనునది.

తేదీని, స్థలాన్ని ఈ పైభాగాన వ్రాయలేదు. మరచి కాదు. ఈ పత్రం మీరందరూ విన్న తరువాత కూడా కలం పట్టుకొనే ధైర్యం నాకు మిగిలితే, ఆ రెండూ నా చేతితోనే అడుగున నింపుతాను.

నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎడమ చెవి మందగించింది. మతి మందగించలేదు. ఈ పత్రం వ్రాయుమని నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు. వ్రాయవద్దని మాత్రం నా అభిమానం చాలా దినాలు ఒత్తిడి చేసింది. ఇంతకుముందు నేను వ్రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది ఇందుమూలంగా రద్దు. ఇందులో పేర్కొన్న ఆస్తి అంతా నా స్వార్జితం. ఇందులో ఉన్న సిగ్గు కూడా స్వార్జితమే. దానిలో ఎవరికీ వాటా లేదు.

ఒకటి. ఈ చలిదేశంలో, రెజైనా ఊళ్ళో నా పేరిట ఉన్న ఇంటిని, అందలి సామానుతో సహా, నా ఏకైక సంతానమైన సీతాదేవికి ఇస్తున్నాను. క్రింది రెండవ నిబంధనకు లోబడి మాత్రమే ఈ హక్కు ఆమెకు సంక్రమిస్తుంది.

రెండు. ముందుగదికి ఆనుకొని ఉన్న చిన్నగది, అనగా నా భార్య కీర్తిశేషురాలు భ్రమరాంబ కుట్టుమిషను పెట్టుకొన్న గది, ఈ క్షణం నుండి కావ్యశ్రీ నివాసం. ఆమె చదువు పూర్తయి, వర్క్ పర్మిట్ చేతికి వచ్చి, వేరే చోటికి తనంతట తాను వెళ్ళదలచుకొనే వరకు ఆమెను ఎవరూ కదిలించరాదు. ఇల్లు అమ్మినా ఈ షరతు తీరిన తరువాతే అమ్మాలి. అడుగున బేస్‌మెంట్‌లో ఆమె ప్రస్తుతం పడుకుంటున్న గదిలో ఇకమీదట నా పుస్తకాల పెట్టెలు ఉంటాయి. వాటికి చలి వేయదు.

"తనంతట తాను" అన్న మాట కావాలనే వాడాను. ఈ నెలాఖరుకు ఆమె మా ఇల్లు ఖాళీ చేస్తానని సీతకు చెప్పింది. అది తనంతట తాను చెప్పిన మాట కాదు. నేను చెప్పించిన మాట. ఎట్లా చెప్పించానో నాలుగవ నిబంధనలో ఉంది. అక్కడికి నేరుగా వెళ్ళలేక ముందు మూడవది వ్రాస్తున్నాను.

మూడు. ముందుగదిలో గోడలో అమర్చి కట్టెలతో మండించే ఇనుప పొయ్యి, అనగా ఇక్కడివారు ఇన్సర్టు అనేది, దాని అడుగున ఉండి వేడిగాలిని గదిలోకి తోసే ఫ్యాను, అనగా బ్లోయర్ కూడా సీతాదేవికే చెందుతాయి. ఇంటితోపాటే వస్తాయి కదా, వేరుగా వ్రాయడమెందుకని న్యాయవాది అడిగారు. వస్తువు వస్తుంది, వాడుక రాదు. ఈ ఊరి చలికాలంలో ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేసు సెగ ఆ గదికి సరిగా చేరదని ఇంట్లో అందరికీ తెలుసు. నిప్పు ఎంత మండినా, బ్లోయర్ తిరిగితేనే ఆ వేడి మనుషుల దాకా వస్తుంది. కనుక వాడుక విధానం నమోదు చేస్తున్నాను.

పొయ్యి వెలిగించిన వెంటనే బ్లోయర్ తిరగదు. అడుగున రూపాయి బిళ్ళంత వేడి స్విచ్చు ఒకటి ఉంటుంది. ఇనుము బాగా కాగి, ఆ బిళ్ళకు సెగ తగిలిన తరువాతే అది ఫ్యానుకు కరెంటును వదులుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి. నేను అరచేత్తో ఇన్సర్టును చరుస్తుండగా చూసి సీత, "నాన్నా, అది హీట్ అయితేనే ఆన్ అవుతుంది. వీపు మీద కొట్టడానికి అదేమీ మీ ఎనిమిదో తరగతి పిల్లాడు కాదు" అన్నది. ఆ మాట నిజమని అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బాగా కాగినా తిరగకపోతే, మొదట ప్లగ్గు చూడాలి. తరువాత బేస్‌మెంట్‌లో బ్రేకరు చూడాలి. ఆపైన స్విచ్చును ఆటో నుండి మాన్యువల్‌కు మార్చి చూడాలి. మాన్యువల్‌లో తిరిగి, ఆటోలో తిరగకపోతే దోషం ఫ్యానుది కాదు, ఆ బిళ్ళది. అది ఇనుముకు ఆనుకొని ఉండాలి, ఒక్కొక్కప్పుడు జారిపోతుంది.

తిరుగుతూ కీచుమంటే, లేదా గాలి పలచబడితే, లోపల దుమ్మో మరొకటో చేరిందని అర్థం. నిప్పు పూర్తిగా ఆరి, ఇనుము చల్లబడి, ప్లగ్గు ఊడదీసిన తరువాత మాత్రమే విప్పాలి. రెండు మరలు ఉంటాయి. రెక్కలను మెత్తని కుంచెతో తుడిచి, చక్రాన్ని వేలితో తిప్పి చూడాలి. తేలికగా తిరిగితే సరి. బిగుసుకుంటే ఇరుసుకు ఏదో చుట్టుకొన్నట్టు. నువ్వుల నూనె పోయరాదు. నేను పోయబోతుంటే నా మనుమడు రోహిత్ సీసా లాక్కొని, "తాతా, ప్లీజ్, జస్ట్ కాల్ ద గై" అన్నాడు. మోటారు మూలుగుతూ కదలకపోయినా, కాలిన వాసన వచ్చినా రోహిత్ చెప్పినట్టే చేయాలి.

క్రింది భాగాన ఉన్న జాలీ గాలిని లోపలికి పీలుస్తుంది. పై సందు వేడిగాలిని బయటికి పంపుతుంది. కనుక క్రింది జాలీ దగ్గర గుడ్డ ఏదీ ఉంచరాదు. వడియాలు ఆరబెట్టరాదు.

చివరిగా, విప్పి చూడకముందు ఇరుసుకు చుట్టుకొన్నదేమిటో ఈ ఇంట్లో ఎవరూ చెప్పరాదు. టార్చిలైటు వేసి జాలీ సందులోంచి చూసి అసలే చెప్పరాదు.

నాలుగు. భ్రమరాంబ నేరేడు రంగు నూలుచీర. దీనిని కావ్యశ్రీ అంగీకరిస్తే కావ్యశ్రీకి, అంగీకరించకపోతే సీతకు ఇస్తున్నాను. చీర అంచు ఒకవైపు జానెడు మేర ఊడిపోయింది. ఊడిన దారాల ఉండను ఒక గాజుసీసాలో వేసి ఈ పత్రంతోపాటు బల్లమీద ఉంచుతాను. సాక్షులిద్దరూ దానిని చేత్తో పట్టి, కిటికీ వెలుగులో చూడాలి.

భ్రమరాంబ వడియాలు ఎప్పుడు పెట్టినా పాత నూలుచీర మీదనే పెట్టేది. ప్లాస్టిక్ కాగితం మీద పెడితే అడుగు ఆరదని ఆమె వాదం. ఆమె ఆబ్దికానికి వచ్చేవారికి ఆమె చేసే గుమ్మడి వడియాలే వడ్డించాలని నాకు ఒక కోరిక పుట్టింది. ఇక్కడ ఆ నెలలో ఎండ ఉంటుంది, వేడి ఉండదు. ఇన్సర్టు ఎదుట బల్ల వేసి, ఆమె చీర పరచి, వడియాలు పెట్టాను. చీర చెరగు బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. నేను గమనించలేదు. వడియాలు ఆరాయి. బ్లోయర్ మాత్రం ముందు కీచుమని, తరువాత ఆగిపోయింది. టార్చి వేసి చూశాను. మసిపట్టిన నల్లని పోగులు, పొడుగైనవి, కనిపించాయి. వెంట్రుకలని నిశ్చయించాను. ఇంట్లో పొడుగు జుట్టు ఒక్కరికే ఉంది.

ఆబ్దికం నాడు అతిథులు కోట్లు విప్పకుండానే భోజనానికి కూర్చున్నారు. పిలిచి చలిలో కూర్చోబెట్టానన్న చిన్నతనం నాకు. వీరభద్రం గారు చేతులు రుద్దుకొంటూ, "ఏం మాస్టారూ, పొయ్యి కూడా రిటైరైందా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీద నుండి తప్పించడానికి, "మా అద్దె పిల్ల తల ఆరబోసుకొని జుట్టంతా అందులోకి పోనిచ్చింది" అన్నాను. అప్పుడు కావ్యశ్రీ పంక్తిలో వడ్డిస్తున్నది. వడియాల పళ్ళెం ఆమె చేతిలోనే ఉంది.

ఆమె అన్నది: "లేదు తాతా, నేను ఆ పొయ్యి కాడ ఎన్నడూ తల ఆరబోసుకోలే."

నేను అన్నది: "కాడ కాదమ్మా, దగ్గర."

మళ్ళీ నవ్వారు. ముప్పై ఏడేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో పిల్లలు చెప్పిన అబద్ధాలను ఎన్నిటినో ఓపికగా విన్నవాణ్ణి. ఒక నిజం నా ఎదుట నిలబడితే దాని భాషను దిద్ది పంపేశాను. ఆమె పళ్ళెం కింద పెట్టలేదు. చివరి మనిషి దాకా వడ్డించి వంటగదిలోకి వెళ్ళింది.

మరుసటి వారం, ఆ జుట్టు ఆమెకే చూపించి ఒప్పించాలని, ఈ మాట కూడా దాచను, బ్లోయర్ విప్పాను. ఇరుసు నుండి కత్తెరతో కోసి తీసిన ఉండను సింకులో కడిగాను. మసి పోయింది. నేరేడు రంగు తేలింది. పెట్టెలోంచి చీర తీసి అంచు చూసుకొన్నాను. వడియాలు ఒలిచి చీర ఉతికిన నాడు అంచు చిరిగి కనబడితే, వాషింగ్ మెషిన్ మీద నింద వేసి మడతపెట్టింది నేనే.

శుభ్రం చేసి బిగించాను. తిరిగింది. సాయంత్రం కాఫీ షాపులో పని ముగించుకొని వచ్చిన కావ్యశ్రీ బూట్లు విప్పుతూ ఆ చప్పుడు విని, "అయ్యో తాతా, నడుస్తుందే! మంచిగైంది, మీకు మోకాళ్ళ నొప్పులుండె" అన్నది. అప్పుడు చెప్పవలసింది. "ఊఁ" అన్నాను. పేపరు అడ్డం పెట్టుకొన్నాను. వీలునామాలో వ్రాయదగినంత నీచమైన అక్షరం ఆ "ఊఁ".

ఆబ్దికం నాటి నుండి ఆ పిల్ల ఇంట్లో కూడా తలకు ఉన్ని టోపీ తీయదు. ముందుగదిలోకి రాదు. అన్నం పళ్ళెం కిందికి తీసుకువెళ్తుంది. జగిత్యాల నుండి ఆమె తండ్రి కొమరయ్య గారు మొదటిసారి ఫోను చేసినప్పుడు, "సారూ, మా బిడ్డను పైలంగ జూసుకోండ్రి, మీరున్నరని ధైర్యం" అన్నారు. ఆయన మళ్ళీ చేసినప్పుడు నేను స్నానంలో ఉన్నానని సీతచేత చెప్పించాను.

ఐదు. శ్రీ వెంకటేశ్వర రావు గారికి ఆస్తి ఏదీ ఇవ్వడం లేదు. ఒక మనవి మాత్రం. ఊరినిండా విద్యార్థులు, గదుల కరవు. అటువంటి రోజుల్లో మీ పై గది ఖాళీగా ఉన్నదని తెలిసి కావ్యశ్రీ మీ తలుపు తట్టింది. "మా ఇంట్లో డ్రెయిన్లు సున్నితమమ్మా, జుట్టు సంగతి విన్నాం" అని మీరు అన్నారట. ఆ మాటను ఆమె నవ్వుతూ సీతకు చెప్పిందట. మీ తప్పు లేదు. విన్నారు, నమ్మారు, చెప్పినవాడు పెద్దమనిషి. ఇంకో రెండు ఇళ్ళవారూ అదే కారణం చెప్పారు. ఇప్పుడామె ఒక బేస్‌మెంట్‌లో, పడుకోవడానికి పరుపును వంతులవారీగా పంచుకొనే అమ్మాయిల మధ్యకు పోబోతున్నది. ఆ పిల్లకు ఈ ఊళ్ళో ఉన్న ఆస్తి మంచిపేరొక్కటే. దానిని పాడుచేసింది నేను. అది తిరిగి ఆమెకు చెందాలని, నా ఇల్లు సీతకు చెందడం కంటె ముందుగా చెందాలని, ఇందుమూలంగా నిర్దేశిస్తున్నాను.

ఆరు. శ్రీ వీరభద్రం గారికీ ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం చేసేవారికి ఆస్తి వ్రాస్తే అది చెల్లదని న్యాయవాది చెప్పారు. చెల్లినా ఇచ్చేవాణ్ణి కాను. నా నిఘంటువును తీసుకువెళ్ళి, 'ప' వర్గం పొడుగునా పసుపు మరకలతో తిరిగి ఇచ్చిన సంగతి ఆయన మరచినా నేను మరువలేదు. ఆ నిఘంటువు రోహిత్‌కు ఇస్తున్నాను. వాడు దానిని తెరిచినా తెరవకపోయినా వాడి ఇష్టం. నా ప్రశ్నకు ఇంగ్లీషులో జవాబు చెప్పినందుకు వాణ్ణి ఇక దిద్దను.

ఏడు. నా ఎర్రసిరా కలం కావ్యశ్రీకి. ఈ పత్రంలో నన్ను నేను తప్పించుకొన్నట్టు ఆమెకు తోచిన వాక్యం ఏదైనా ఉంటే దానిక్రింద గీత గీయవచ్చు. సంతకానికి ముందు నేను దానిని తిరగవ్రాస్తాను. ఆమె రెండవ నిబంధనను నిరాకరించినా, ఈ ఇంట ఉండనన్నా, తక్కిన నిబంధనలన్నీ యథాతథంగా అమలులో ఉంటాయి. క్షమించడం ఇందులో షరతు కాదు.

పైన వ్రాసినదంతా నా చేతి వ్రాత. కొట్టివేతలు మూడు, మూడింటి ప్రక్కన పొడి అక్షరాలు ఉన్నాయి.

తేదీ:
స్థలం:

(సంతకం చేయవలసిన చోటు) తాళ్ళూరి విశ్వనాథం

సాక్షులు:
1. వీరభద్రం
2. వెంకటేశ్వర రావు

ఇక ఒక్క కోరిక. వీలునామా చనిపోయిన తరువాత చదువుతారు. దీనిని అట్లా చదవవద్దు. ఈ ఆదివారం, నేను బ్రతికి ఆ గదిలో కూర్చొని ఉండగా, ఆబ్దికానికి వచ్చిన వారందరినీ మళ్ళీ పిలిచి చదవాలి. ఇన్సర్టుకు దగ్గరి కుర్చీ కావ్యశ్రీది. నేను తలుపు ప్రక్కన కూర్చుంటాను. మాట స్పష్టంగా వినిపించడానికి బ్లోయర్ కాసేపు ఆపండి. నా గొంతు మీద నాకు నమ్మకం లేదు. సీత చదివితే కన్నీళ్ళ దగ్గర ఆగుతుంది. ఆ జుట్టు మాటను ఊరంతా చేర్చింది వీరభద్రం గారి గొంతు. ఈ మాటను చేర్చడానికి కూడా అదే తగును. కనుక అయ్యా, నా ఎడమ చెవికి సైతం వినబడేట్టు, మీ పేరు వచ్చిన చోట కూడా దాటవేయకుండా, మొదటి వాక్యం నుండి దీనిని మీరే బిగ్గరగా చదవవలసిందని ప్రార్థిస్తున్నాను.